జాయిన్ అంటే ఏంది బిడ్డా?

పోయిన వారం ఒక ముసలమ్మ నా కౌంటర్ ముందుకొచ్చి, అద్దానికి ఉన్న చిన్న కంతలోంచి నా మొహంలోకి చూస్తూ అడిగింది.

“జాయిన్ అంటే ఏంది బిడ్డా? ఇగ మా ముసలోన్ని ఇడిసిపెట్టరా?”

నేను మహబూబ్‌నగర్‌లో ఒక దవాఖానలో రోగుల పేర్లు ఎక్కించే పని చేస్తాను. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా నా నోట్లో నానేది ఆ ఒక్క మాటే. జాయిన్ చెయ్యాలె. జాయిన్ అయిన్రా? ఎవరు జాయిన్ చేసిన్రు? అందరూ ఆ మాట అంటారు, అందరూ తలూపుతారు. అర్థం అడిగిన మనిషిని మాత్రం అంతవరకు చూడలేదు. ఆమె అడగ్గానే నాకు ఒళ్ళంతా సంబరమైంది. ఎందుకంటే నాకు పుట్టుపూర్వోత్తరాలతో సహా తెలిసిన ఇంగ్లీషు మాట అదొక్కటే. ఇంకే మాట అడిగినా తెల్లమొహం వేసేదాన్ని. ఆ మందుల వాసనలో కూర్చున్నదాన్ని, నా ముక్కుకు మాత్రం మా ఊరి గంజి వాసన తగిలింది.

మాది నల్లగొండ వైపు, కేతేపల్లి దాటాక లోపలికి పోతే వచ్చే ఒక నేతపల్లె. రాష్ట్రం వచ్చిన కొత్త రోజులు. ఇంటింటికీ నల్లాలు పెడతామని మా వీధిని నిలువునా తవ్విపోశారు. మామూలుగా మావాళ్ళు పడుగు పోగులను, అంటే బట్టకు నిలువు దారాలను, వీధి పొడవునా సాగదీసి, కుంచెలతో గంజి పట్టించి ఆరబెట్టేవారు. వీధిలో కందకం పడేసరికి జాగా లేక, ఆ ఎండాకాలమంతా బడి ఆవరణకు వచ్చారు. జెండా కట్టె నుంచి వంటగది దాకా తెల్లని పడుగు సాగి ఉండేది. మేము పుస్తకాల సంచులు పొట్టకు అదుముకుని, దాని కింద వంగి తరగతిలోకి దూరాలి. ఎవరి తలైనా తగిలిందా, అటు నుంచి ఒక కేక.

“ఓ పోరీ! నెత్తినూనె అంటుతది, వంగు ఇంకా!”

బడి వంటగది నుంచి పప్పుచారు వాసన, పడుగు నుంచి పుల్లటి గంజి వాసన, పక్క ఇంట్లో రంగులు కాగే గాబుల ఘాటు, మూడూ కలిసి తరగతిలోకి వచ్చేవి. ఆ మూడు వాసనల మధ్యే నేను లెక్కలు నేర్చుకున్నాను. ఇప్పటికీ వడ్డీ లెక్క తలుచుకుంటే నోట్లో పప్పుచారు ఊరుతుంది.

నాకు ఒక సోపతి, అంటే స్నేహితురాలు, ఉండేది. వాళ్ళది వ్యవసాయం, ఇంట్లో రెండు ఎడ్లు, ఒక లేగదూడ. మా ఇంట్లో అద్దకం అయ్యాక మిగిలిన ఎర్రరంగు పారబోయమని అమ్మ ఇస్తే, మేమిద్దరం దాన్ని పారబోయకుండా తీసుకుపోయి ఆ దూడ తోకను ముంచాం. ఎర్ర తోక ఊపుకుంటూ దూడ ఊరంతా తిరిగింది. సోపతి వాళ్ళ నాయిన కర్ర పట్టుకుని మా గడపకొచ్చాడు. మా అవ్వ, అంటే మేము బాపు అని పిలిచే నాన్నకు అమ్మ, ఎండకు కళ్ళు చికిలించి దూడను చూసి, “రంగు మంచిగ పట్టిందిరా. కడిగినా పోదు. మావోళ్ళ పనితనం గట్ల ఉంటది” అన్నది. పాపం, ఆయనకు కోపం ఎటు పోయిందో తెలియలేదు. అవ్వ పెట్టిన సర్వపిండి రొట్టె తిని వెళ్ళిపోయాడు.

నేను అప్పుడు ఏడో తరగతి. మా ఊరి బడి ఏడుతోనే సరి. ఎనిమిదికి బస్సెక్కి పెద్ద బడికి పోవాలి. అక్కడంతా ఇంగ్లీషు మీడియం అన్నారు. బాపు నన్ను పంపనన్నాడు.

ఆయన చెడ్డవాడు కాదు. చెప్పొద్దూ, నా జుట్టుకు నూనె పెట్టి జడేసిన బాపు ఆయన. కానీ పదో తరగతిలో ఇంగ్లీషు తప్పాడట. మళ్ళీ రాశాడు, మళ్ళీ తప్పాడు. ఊళ్ళో కుర్రాళ్ళు ఆయన్ను చూసి “ఏం సార్, హౌ ఆర్ యూ” అని వెక్కిరించేవారట. మగ్గం గుంటలోకి దిగినవాడు చాలా రోజులు తలెత్తలేదని అవ్వ చెప్పేది. ఆ నగుబాటు నాకు వద్దని ఆయన బాధ.

ఒకరోజు పొద్దున ఆయన బడి ఆవరణలో పడుగుకు గంజి కొడుతుంటే, మా ఇంగ్లీషు టీచరమ్మ పడుగు కింద వంగి ఆయన ముందుకు వచ్చింది. ఆమెది పాలమూరు, అంటే ఇప్పుడు నేనుంటున్న మహబూబ్‌నగరే. కొత్తగా మా బడికి వచ్చింది.

“అన్నా, పిల్లను ఎనిమిదికి పంపవంట?”

“ఏం పంపాలె మేడం? తెలుగుల అయితే దీని నోరు ఆగదు. ఇంగ్లీషు పుస్తకం తెరిస్తే బండరాయి అయితది. ఆడికి పోయి నలుగుట్ల నవ్వులపాలైతది. ఇంట్ల అవ్వ దగ్గర పని నేర్చుకోనీ.”

“చుట్టుపక్కల మండలాల బడులన్నిటికి పోటీ పెడుతున్నరు, నార్కట్‌పల్లిల. ఒక్క ఇంగ్లీషు క్రియ తీసుకోవాలె. దాని అర్థమేంది, ఎక్కడ పుట్టింది, ఎట్ల వాడుతరు, ఐదు నిమిషాలు ఇంగ్లీషుల చెప్పాలె. కాగితం చూడొద్దు. నీ బిడ్డ చెప్పిందనుకో, పంపుతవా?”

బాపు కుంచె ఆపాడు. నేను పడుగు కింద గొంతుక్కూర్చుని అంతా వింటున్నాను. పైనుంచి గంజి చుక్కలు నా మెడ మీద పడుతున్నాయి.

“గెలవాల్నా?” అన్నాడు.

“గెలుపు సంగతి ఇడిసిపెట్టు. ఐదు నిమిషాలు మాట్లాడితే సాలు.”

“నేనొచ్చి నా చెవులతోని ఇంట. మాట్లాడితే పంపుత. ఆగిపోతే ఇగ నన్ను అడగొద్దు.”

మా బడిలో మాటలు చీటీలలో రాసి వేశారు. నేను ‘ఈట్’ రావాలని ఊళ్ళో ఉన్న దేవుళ్ళందరికీ మొక్కాను. తిండి గురించైతే ఏ భాషలోనైనా ఐదు నిమిషాలు చెప్పగలను కదా. చీటీ విప్పితే ‘జాయిన్’. ‘ఈట్’ నా వెనక పిల్లాడికి వచ్చింది. వాడు అన్నం కూడా సరిగా తినడు!

ఇంటికి పోయేసరికి అవ్వ అతుకు పనిలో ఉంది. ఈ పని గురించి చెప్పాలి. మగ్గం మీద ఒక పడుగు అయిపోవస్తే మావాళ్ళు దాన్ని మొత్తం లాగెయ్యరు. జానెడు చివర అచ్చులోనే ఉంచేస్తారు. అచ్చు అంటే పోగులన్నీ ఒక్కొక్కటి దూరిపోయే సన్నని పళ్ళ చట్రం. కొత్త పడుగు తెచ్చి, దాని ప్రతి పోగునూ ఆ పాత పోగుకు అతుకుతారు. ముడి వెయ్యరు, వేస్తే అది ఆ పళ్ళ సందులో ఆగిపోతుంది. బొటనవేలికి బూడిద అద్దుకుని రెండు కొసలూ కలిపి మెలిపెడతారు, అంతే. ఆ తర్వాత మెల్లగా లాగితే పాత పోగులు ముందు నడుస్తూ, వెనక కొత్త పోగులన్నిటినీ అచ్చులోంచి ఇవతలికి తెస్తాయి. ఇన్ని వేల పోగుల్లో ఒక్కటి తప్పినా చీర మీద పువ్వు పక్కకు జరుగుతుంది. మా వీధిలో అవ్వ చేతి అతుకుకు పేరు.

“ఏం మాటొచ్చిందే?” అన్నది, తల ఎత్తకుండానే.

“జాయిన్.”

“అంటే?”

“కలుపుడట.”

“ఏం కలుపుడు? పెరుగన్నమా?”

“కాదవ్వా, రెండిటిని ఒకటి చేసుడు.”

“పెరుగు, అన్నం కలిపినంక పెరుగేది, అన్నమేది? గది కలుపుడు. నేను చేసేది సూడు. గీ పోగు గీ పోగే, గా పోగు గా పోగే. పని మాత్రం ఒకటైతది. గిది అతుకుడు. మీ ఇంగ్లీషోల్లది గీ రెండిట్ల ఏది?”

నాకేం తెలుసు? మర్నాడు టీచరమ్మను అడిగాను. ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, తన డబ్బాలోని అటుకులు నా చేతిలో పోసి, కథ చెప్పినట్టు చెప్పింది.

“జాయిన్‌కు ఒక్క పని కాదే. మీ అవ్వ పోగులు అతికితే జాయిన్. నువ్వు ఎనిమిదిల చేరితే జాయిన్. ఆటల నడుమ పోయి కలిస్తే జాయిన్. ఎవరన్న జరమొచ్చి దవాఖానల పడితే మనోల్లు ఏమంటరు? జాయిన్ చేసిన్రు అంటరు. తెలుగుల నాలుగు మాటలు చేసే కొలువు అదొక్కటే చేస్తది.”

“మరి ఏడ పుట్టింది మేడం?”

“లాటిన్ అనే పాత భాష ఉండె. అందుల కాడి కట్టుడును యుంగెరె అనేటోల్లు. ఆ మాట ఫ్రెంచోల్ల ఇంట్ల కొన్నాళ్లుండి, మొహం మార్చుకోని, ఇంగ్లీషుల జాయిన్ అయింది. కాడికి ఇంగ్లీషుల యోక్ అంటరు చూడు, అది దీనికి అక్కచెల్లె వరుస. మన సంస్కృతంల యోగం, యుగం, అవి కూడ ఆ ఇంటి పిల్లలే. ఆఖరికి ఉద్యోగం కూడ.”

నేను అటుకులు నమలడం మర్చిపోయాను. ఎక్కడి ఇంగ్లీషు, ఎక్కడి మా సోపతి వాళ్ళ కాడి! ఆ సాయంత్రమే వాళ్ళ పశువుల కొట్టానికి ఉరికాను. కాడిని చేత్తో తడిమి చూశాను. సోపతి నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

“ఏందే, మా కాడిని గట్ల మొక్కుతున్నవ్?”

“నీకు తెల్వదు. గిది ఇంగ్లీషు.”

“ఆఁ! మరి మా ఎడ్లు?”

“అవి లాటిన్.”

ఇద్దరం పేడతట్టల మధ్య పడి పడి నవ్వాం. ఎర్ర తోక దూడ మమ్మల్ని వింతగా చూసింది.

టీచరమ్మ ఒక పేజీ ఇంగ్లీషు రాసిచ్చింది. అర్థం చేసుకొమ్మంది. నేను బట్టీ పట్టాను. నీళ్ళు తోడుతూ, కండెలు చుడుతూ, పచ్చిపులుసు కలుపుకుంటూ అదే. అమ్మకు కూడా వచ్చేసింది. రొట్టె తిప్పుతూ “జాయిన్ కేమ్ ఫ్రమ్ లాటిన్” అనేది. పక్కింటి పెద్దమ్మ గోడ మీంచి తొంగిచూసి, “ఎవలొచ్చిన్రే మీ ఇంటికి? లాటిన్ ఎవలు?” అని అడిగింది.

పోటీ రోజు పొద్దున అవ్వ నన్ను దగ్గరకు పిలిచి, చిన్న కాగితం పొట్లం నా గౌను జేబులో పెట్టింది. అందులో చిటికెడు బూడిద, రెండు పోగులు. ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు.

“భయమైతే మెలిపెట్టుకో. చేతికి పని ఉంటే గుండె ఊకుంటది. ఇగో, ఇను. పోగు తెగిందనుకో, మల్ల మొదటికి పోతమా? పోము. తెగిన కాడ కొస దొరకబట్టి అతుకుతం. మాటైనా గంతే.”

నార్కట్‌పల్లిలో ఆ హాలు చూడగానే జేబులో పొట్లం తడుముకున్నాను. బూట్లు, టైలు వేసుకున్న పిల్లలు. ఒక అమ్మాయికి ‘ఫ్లై’ వచ్చింది. చేతులు రెక్కల్లా చాపి, ఎక్కడా తడబడకుండా, గలగల చెప్పింది. మా బడి ‘ఈట్’ పిల్లాడు మూడు ముక్కలు చెప్పి దిగొచ్చేశాడు. బాపు తెల్లచొక్కా వేసుకుని చిట్టచివరి వరుస వెనక నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

నా పేరు పిలిచారు.

“గుడ్ మార్నింగ్. మై వర్డ్ ఈజ్ జాయిన్. జాయిన్ మీన్స్ టు పుట్ టుగెదర్.” బాగానే పోతోంది. “జాయిన్ కేమ్ ఫ్రమ్ లాటిన్...”

అంతే. తెగిపోయింది.

లాటిన్ తర్వాత ఏముందో మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. మళ్ళీ మొదలుపెట్టాను. “గుడ్ మార్నింగ్. మై వర్డ్ ఈజ్ జాయిన్...” ముందు వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. మళ్ళీ లాటిన్ దగ్గరికి వచ్చి ఆగాను. దూరంగా బాపు తల మెల్లగా వంగిపోవడం చూశాను. మగ్గం గుంటలో వంగినట్టే.

నా చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. బూడిద తగిలింది. వేళ్ళ మధ్య రెండు కొసలు దొరికాయి. మెలిపెట్టాను. మళ్ళీ మొదటికి పోతమా? పోము. కొస ఎక్కడుంది? లాటిన్ దగ్గర. ఆ కొసకు ఏది దొరికితే అది అతకాలి.

“లాటిన్ పీపుల్ హ్యావ్ టూ బుల్స్!” అన్నాను.

హాలంతా గొల్లుమంది. నవ్వితే నవ్వారు, మాట కదిలింది కదా!

“టూ బుల్స్, వన్ కాడి!”

జడ్జిల్లో పెద్దాయన, తెల్లజుట్టు సార్, చెయ్యెత్తాడు. “ఇంగ్లీషులో చెప్పమ్మా.”

“కాడి ఇంగ్లీష్ యోక్, సార్! యోక్ అండ్ జాయిన్, సేమ్ మదర్! యోగా, సేమ్ మదర్! ఉద్యోగం, సేమ్ మదర్! మై ఫ్రెండ్ హౌస్, యోక్ ఈజ్ దేర్. ఐ టచ్.”

ఇక నన్నెవరు ఆపుతారు? పేజీలోని ఇంగ్లీషు పోయింది కానీ నా ఇంగ్లీషు నాకు వచ్చింది. ముక్కకు ముక్క అతుక్కుంటూ పోయాను. బడిలో జాయిన్, దవాఖానలో జాయిన్, ఆటలో జాయిన్ అన్నీ చెప్పాను. ఇంగ్లీషు ముక్క దొరకని చోట తెలుగు ముక్క పెట్టి, మరుక్షణం ఇంగ్లీషు కొస పట్టుకున్నాను. గంట మోగింది. ఐదు నిమిషాలూ అయిపోయాయి, నేను ఆగలేదు. జేబులోంచి ఎరుపు, తెలుపు అతికిన పోగు తీసి, మెట్లు దిగి ఆ తెల్లజుట్టు సార్ చేతిలో పెట్టాను.

“మై అవ్వ జాయిన్ లైక్ దిస్, సార్. యూ సీ. వేర్ ఈజ్ ముడి?”

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని పోగును వేళ్ళ మధ్య అటూ ఇటూ జార్చి చూశాడు. పక్కనున్న మేడమ్‌కు ఇచ్చాడు. ఆమె కూడా జార్చి చూసింది. ఎరుపు ఎక్కడ ఆగి తెలుపు మొదలైందో కళ్ళకు కనిపిస్తోంది గానీ వేలికి తగలడం లేదు.

“నో ముడి, సార్! ముడి స్టాప్స్. జాయిన్ గోస్!”

రెండోసారి గంట మోగింది. గంట కొట్టే అతను కూడా నవ్వుతున్నాడు. నాకు ఇంకొక్కటే మిగిలింది. హాలు చివరకు చూశాను. బాపు తలెత్తి ఉన్నాడు.

“లాస్ట్ యూసేజ్, సార్. బాపు! ఐ విల్ జాయిన్ ఎయిత్ క్లాస్!”

చప్పట్లు ఎంతసేపు కొట్టారో నాకు తెలియదు. నా మొహమంతా బూడిద అంటిందని టీచరమ్మ పైటకొంగుతో తుడుస్తుంటే తెలిసింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు, నోట్లో నవ్వు. “ఐదు నిమిషాలు మాట్లాడితే సాలంటే, రెండు గంటలు కొట్టినా ఆగకపోతివి కదే!” మొదటి బహుమతి ‘ఫ్లై’ అమ్మాయికే వచ్చింది. బాగా చెప్పింది, ఆమెకే రావాలి. రెండోది నాకు. స్టీలు టిఫిను డబ్బా, మూతలో మొహం కనిపించేంత మెరుపు.

బస్సెక్కాక బాపు నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. నేను ఆ డబ్బా మూత తీస్తూ పెడుతూ వాగుతున్నాను. కండక్టరు వచ్చి “ఎవరెవరికి?” అన్నాడు.

“ఒకటి నాకు,” అన్నాడు బాపు. “ఒకటి మా ఎనిమిదో తరగతికి.”

“ఏందన్నా?” అన్నాడు కండక్టరు.

“నా బిడ్డ,” అన్నాడు బాపు గట్టిగా, బస్సంతా వినేలాగా. “ఎనిమిది చదువుతది. ఇంగ్లీషు మీడియం.”

ఇంటికొచ్చేసరికి కందకం పక్కన వీధి వీధంతా నిలబడి ఉంది. అవ్వ మాత్రం లేవలేదు. అతుకు మధ్యలో లేవదు ఆమె.

“తెగిందా?” అని అడిగింది.

“తెగిందవ్వా.”

“అతికినవా?”

“అతికిన. కానీ అతుకు అందరికీ కనబడ్డది. నవ్విన్రు.”

“మొదటి అతుకు కనబడ్తది బిడ్డ. నాదీ కనబడె,” అని బూడిద వేలితో నా నుదుట బొట్టు పెట్టింది.

బడులు తెరిచినరోజు బాపే నన్ను పెద్ద బడికి తీసుకుపోయాడు. బల్ల వెనక ఉన్న సారు “ఏం పని?” అంటే బాపు గొంతు సవరించుకుని “జాయిన్” అన్నాడు. ఒక్క ఇంగ్లీషు మాటతోనే ఆయన పని చెప్పడం నేను విన్నది అదే మొదటిసారి. ఎంత స్పష్టంగా అన్నాడో!

పెద్ద చదువులేవో చదివానని కాదు. ఇంటరు, ఆపై కొంచెం కంప్యూటరు. పెళ్ళయి పాలమూరు వచ్చాను, ఈ కొలువు దొరికింది. మా వీధిలో మగ్గాలు చాలావరకు ఆగిపోయాయి. మా ఇంట్లో మగ్గం గుంట పూడ్చి బండలు పరిచారు. దాని మీద ఇప్పుడు ఫ్రిజ్ ఉంది. గంజి వాసన లేదు, బడి ఆవరణలో ఎవరూ తల వంచి నడవరు. అవ్వ కూడా లేదు. కానీ నేను ఎక్కడికి పోయినా ఆమె నాకంటే ఒక జానెడు ముందే, పాత పోగులా ఆ పళ్ళ సందులోంచి దూరి, నన్ను ఇవతలికి లాగినట్టే ఉంటుంది. మధ్యాహ్నం ఇక్కడ నేను అన్నం తినేది ఆ స్టీలు డబ్బాలోనే. మెరుపు తగ్గలేదు.

ఆ ముసలమ్మకు నేను అద్దం వెనక నుంచి చెప్పలేదు. లేచి బయటకొచ్చి ఆమె పక్కన బల్ల మీద కూర్చున్నాను. నా వెనక వరుసలో ఉన్నవాళ్ళు గొణిగారు. గొణిగితే గొణిగారు.

“జాయిన్ అంటే ఇడిసిపెట్టకుండ ఉంచుకునుడు కాదవ్వా. తాత తాతనే, మేము మేమే. నాలుగు దినాలు ఆయనను మాతోని అతుకుతం. ఆయన తనంతల తను నడిసే దాక మేము ముందల నడుస్తం.”

“ముడెయ్యరు గద?” అన్నది ఆమె.

నేను ఉలిక్కిపడి ఆమె చేతులు చూశాను. బొటనవేలి కొస నున్నగా అరిగిపోయి ఉంది. నేతింటి మనిషి!

“ముడెయ్యమవ్వా,” అన్నాను. “నా మీద భరోసా పెట్టు.”

నిన్న సాయంత్రం ఆ తాత ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, లుంగీ సర్దుకుంటూ, నా కౌంటర్ ముందు నుంచి నడుచుకుంటూ పోయాడు. ముసలమ్మ వెనక్కి వచ్చి, అద్దం కంతలో నోరు పెట్టి, వరుసంతా వినేలా కేకేసింది.

“ఓ బిడ్డా! జాయిన్ అయినోల్లం, నడిసిపోతున్నం!”